సుంకానికి రెండు ముఖాలు: ఏలూరు మెట్ట, కొల్లేరు పల్లం – ఖండాంతర వాణిజ్య సంబంధాల పరిశీలన

వ్యాస సంగ్రహం:
వేర్వేరు ఖండాల దేశాల మధ్య కుదిరే వాణిజ్య ఒప్పందాలను సాధారణంగా ఎగుమతి, దిగుమతుల మొత్తాలతో, దేశాల స్థాయిలో చర్చించడం పరిపాటి. ఒకే జిల్లాలోని రెండు పంటల స్థాయికి దిగి చూస్తే ఆ ఒప్పందాల స్వరూపం మరోలా కనిపిస్తుంది. ఏలూరు జిల్లా మెట్ట మండలాల ఆయిల్‌పామ్ రైతు దిగుమతి సుంకం పెరగాలని కోరుతాడు. కొల్లేరు పరిసరాల రొయ్యల రైతు సుంకం తగ్గాలని కోరుతాడు. మొదటిది ఢిల్లీ విధించేది, రెండవది వాషింగ్టన్ విధించేది. ఈ రెండు కోరికలు ఒకే చర్చల బల్ల మీద ఎదురుపడే తీరును, దాని వల్ల ఈ ప్రాంతానికి కలిగే ఫలితాలను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: సుంకం, మోటుపల్లి అభయశాసనం, వనామి, ఆయిల్‌పామ్, కొల్లేరు, ద్వీపాంతర వాణిజ్యం, వాణిజ్య ఒప్పందాలు.

1. సుంకం: మాట, మర్యాద

సంస్కృత 'శుల్క' శబ్దానికి తద్భవంగా 'సుంకము' తెలుగులో స్థిరపడింది. సుంకం వసూలు చేసేవాడు సుంకరి. సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు అనే సామెత ఆ వృత్తిని సమాజం ఎలా చూసిందో తెలియజేస్తుంది. వర్తకుడి కష్టం సుంకరికి పట్టదు. అతనికి కావలసింది లెక్క మాత్రమే.

అయితే సుంకాన్ని వర్తకుడికి రక్షణగా మలచిన సందర్భం కూడా తెలుగు నేల మీదే ఉంది. కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం ద్వీపాంతరాలకు వెళ్ళే, ద్వీపాంతరాల నుంచి వచ్చే సముద్ర వర్తకులను ఉద్దేశించినది. పూర్వపు రాజులు తుఫానులో పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును బలవంతంగా స్వాధీనం చేసుకొనేవారని, ఇకపై క్లుప్తశుల్కం, అంటే ముందే నిర్ణయించిన సుంకం, తప్ప మరేదీ తీసుకోబోమని ఆ శాసనం హామీ ఇస్తుంది. ఆ సుంకం ముప్పైలో ఒక వంతు. 1358లో అనపోతారెడ్డి అదే రేవులో వర్తకులకు మళ్ళీ అభయమిచ్చాడు. శ్రీనాథుని హరవిలాసానికి కృతిభర్త అయిన అవచి తిప్పయ్యసెట్టి దూరదేశాల సరుకులు తెప్పించిన వర్తక కుటుంబీకుడు. ఆ కావ్యంలో కనిపించే 'హురుమంజి' పారశీక సింధుశాఖలోని హోర్ముజ్. పారశీక మూలాలున్న నేతగాళ్ళ పనితనంగా ప్రసిద్ధికెక్కిన ఏలూరు తివాచీలు కూడా ఈ సంబంధాల పరంపరలోనివే.

ఈ శాసనంలో సుంకం రేటు ఎంత ఉందన్నదానికంటే అది 'క్లుప్తం' కావడం ముఖ్యం. ఓడ బయలుదేరిన నాటి రేటే ఓడ చేరిన నాటికీ ఉంటుందన్న నమ్మకం వర్తకుడికి దొరికింది. ఎనిమిది వందల ఏళ్ళ తరువాత కొల్లేరు గట్టు మీద కొరవడినది సరిగ్గా ఈ నమ్మకమే.

2. పరాయి ఖండాల పంటలు

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఏలూరు ప్రత్యేక జిల్లాగా ఏర్పడి, కైకలూరు, మండవల్లి, కలిదిండి వంటి కొల్లేటి మండలాలు అందులో చేరాయి. తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమగోదావరి జిల్లాలో మిగిలింది. పాలనా విభజన ఎలా ఉన్నా నేల స్వభావాన్ని బట్టి ఇది ఒకే ప్రాంతం. ఎగువన చింతలపూడి, కామవరపుకోట, ద్వారకాతిరుమల, పెదవేగి మెట్ట. దిగువన బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు వచ్చి కలిసి, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోయే కొల్లేరు పల్లం.

ఈ రెండు చోట్లా ఇవాళ డబ్బు తెచ్చే జీవజాతులు చాలావరకు వేరే ఖండాలవి. ఆయిల్‌పామ్ పశ్చిమ ఆఫ్రికా చెట్టు. తోటల్లో అంతరపంటగా వేసే కోకో దక్షిణ అమెరికాది. కొల్లేటి చెరువుల్లో బొచ్చె, శీలావతి పక్కన పెరుగుతున్న రూప్‌చంద్ దక్షిణ అమెరికా నదుల చేప. వనామి రొయ్య మెక్సికోలోని సొనోరా మొదలు పెరూ ఉత్తర తీరం వరకు విస్తరించిన పసిఫిక్ జలాలది. చివరికి ఆయిల్‌పామ్ పూలను పరాగసంపర్కం చేసే ముక్కు పురుగు కూడా కామెరూన్ దేశం పేరును తన శాస్త్రీయ నామంలో మోస్తున్నది. దానిని 1981లో ఆఫ్రికా నుంచి మలేషియాకు, తరువాత భారతదేశానికి తెచ్చారు.

తాడేపల్లిగూడెం ఈ చిత్రంలో మరొక కోణం చూపుతుంది. అక్కడ ఎదిగిన ఫుడ్స్, ఫాట్స్ అండ్ ఫెర్టిలైజర్స్ సంస్థ, ఇప్పటి 3ఎఫ్, పామాయిల్‌తో పాటు పశ్చిమ ఆఫ్రికా షియా గింజల నుంచి చాక్లెట్ల తయారీకి వాడే ప్రత్యేక కొవ్వులను ఉత్పత్తి చేస్తుంది. అంటే ఖండాంతర వర్తకం ఇక్కడ ముడిసరుకుగా దిగుతుంది, తయారైన సరుకుగా ఎక్కుతుంది కూడా.

3. పల్లం: కౌంటు ధరలో దౌత్యం

1990 దశకంలో కోస్తా చెరువులను నింపిన టైగర్ రొయ్య తెల్లమచ్చ వైరస్‌తో దెబ్బతింది. ప్రయోగాత్మక పెంపకం తరువాత 2009లో వనామిని వాణిజ్యపరంగా పెంచడానికి కేంద్రం అనుమతించింది. తల్లి రొయ్యలను వ్యాధిరహితంగా ధ్రువీకరించి విదేశాల నుంచి తెప్పించి, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉంచి పరీక్షించాకే హేచరీలకు ఇవ్వాలన్నది నిబంధన. ఈ విధంగా వనామి సాగు పుట్టుకలోనే అంతర్జాతీయ వ్యవహారం. తల్లి రొయ్య విమానంలో వస్తుంది, పిల్ల ఇక్కడి చెరువులో పెరుగుతుంది, గడ్డకట్టిన రొయ్య ఓడలో పోతుంది.

2023–24లో భారతదేశం 7,16,004 టన్నుల శీతలీకరించిన రొయ్యలను ఎగుమతి చేసింది. విలువ 40,013 కోట్ల రూపాయలు. అందులో 2,97,571 టన్నులు అమెరికాకు, 1,48,483 టన్నులు చైనాకు వెళ్ళాయి. దేశపు రొయ్యల ఉత్పత్తిలో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌దే. కనుక 'అమెరికా కొనుగోలు' అన్న మాటకు భీమవరం, ఆకివీడు, కైకలూరు చెరువుల్లో నేరుగా అర్థం ఉంది.

ఈ అర్థం వ్యక్తమయ్యే రూపం కౌంటు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంటు. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, ధర తక్కువ. 30 కౌంటు ధర, 100 కౌంటు ధర అంటూ రోజూ వెలువడే అంకెలనే రైతు చూస్తాడు. వాషింగ్టన్‌లో తీసుకున్న నిర్ణయం అతనికి చేరే భాష అదొక్కటే. తెలుగులో ఇంత తలకిందుల కొలమానం మరొకటి అరుదు. కొత్తగా విన్నవారు పెద్ద అంకెను పెద్ద ధరగా పొరబడటం సహజం.

అమెరికా శీతల రొయ్యలపై మూల కస్టమ్స్ సుంకం సున్నా. కానీ తక్కువ ధరకు దిగుమతి చేస్తున్నారన్న ఆరోపణపై 2005 నుంచి డంపింగ్ వ్యతిరేక సుంకం ఉంది. 2024 చివర్లో ప్రభుత్వ రాయితీలకు ప్రతిగా విధించే సుంకం 5.77 శాతంగా ఖరారైంది. 2025 ఏప్రిల్ 5 నుంచి దాదాపు అన్ని దేశాలపై 10 శాతం, ఆగస్టు 7 నుంచి భారత సరుకులపై 25 శాతం, రష్యా చమురు కొనుగోలు కారణంగా ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం వచ్చి పడ్డాయి. అన్నీ కలిపి రొయ్య మీద భారం సుమారు 58 శాతానికి చేరింది. మొదటి ప్రకటన వెలువడిన కొద్ది రోజులకే రాష్ట్ర ముఖ్యమంత్రి రొయ్యలకు మినహాయింపు సాధించాలని కేంద్ర వాణిజ్య మంత్రికి లేఖ రాశారు.

కొల్లేటి రొయ్యకు రష్యా చమురుతో ఉన్న సంబంధమేమిటన్న ప్రశ్న ఇక్కడ అమాయకమైనది కాదు. దౌత్యంలో ఒక రంగపు తగాదాను మరొక రంగపు సరుకుతో తీర్చుకోవడం పాత పద్ధతి. అమెరికాకు భారతదేశం అమ్మే ఆహార పదార్థాలలో రొయ్య ప్రముఖమైనది. అందువల్లనే అది తేలికగా తగిలే లక్ష్యం అయింది.

సుంకాన్ని లాంఛనంగా చెల్లించేది అమెరికా దిగుమతిదారు. భారం మాత్రం అక్కడ ఆగదు. దిగుమతిదారు ధర తగ్గించమని ఎగుమతిదారును అడుగుతాడు. సుంకంతో కలిపి ధర కుదుర్చుకున్న ఒప్పందాల్లో ఎగుమతిదారే నేరుగా మోస్తాడు. అతను ప్రాసెసింగ్ ప్లాంటు కొనుగోలు ధర తగ్గిస్తాడు, ఏజెంటు గట్టు మీద ధర తగ్గిస్తాడు. ఈ వరుసలో ఆలస్యం చేసే శక్తి లేనివాడి దగ్గర భారం ఆగుతుంది. శీతల గిడ్డంగిలోని రొయ్య నెలలు ఆగగలదు. చెరువులో రొయ్య మూడు, నాలుగు నెలల పంట. పట్టుబడి వాయిదా వేస్తే రోజూ మేత ఖర్చు, ఏరియేటర్ల కరెంటు బిల్లు, వ్యాధి భయం. అందుకే సుంకం వార్త రాగానే కౌంటు ధర పడిపోవడం, సుంకం ఆచరణలోకి రాకముందే రైతు నష్టపోవడం జరుగుతుంది.

పోటీదారు ఎవరో చూస్తే పరిస్థితి తీవ్రత తెలుస్తుంది. వనామి సహజ నివాసమైన ఈక్వడార్ ఇవాళ ప్రపంచంలో అతిపెద్ద రొయ్యల ఎగుమతిదారు. 2025 ఆగస్టులో ఆ దేశంపై అమెరికా విధించినది 15 శాతం. ఈక్వడార్ అమెరికాకు భౌగోళికంగా కూడా దగ్గర. అప్పుడు కొల్లేటి రైతు ఆ రొయ్య పుట్టింటితోనే పోటీ పడవలసి వచ్చింది, అదీ మూడింతలకు మించిన సుంకంతో.

ఇదే గట్ల మీద బొచ్చె, శీలావతి పెంచే రైతుకు ఈ అలజడి దాదాపు లేదు. అతని సరుకు మంచు పెట్టెల్లో లారీలెక్కి కోల్‌కతాకు, ఈశాన్య రాష్ట్రాలకు పోతుంది. కిలోకు వచ్చే ఆదాయం తక్కువే అయినా అతని కొనుగోలుదారు మరో దేశపు ఆజ్ఞకు లోబడి లేడు. దేశీయ మార్కెట్‌లో రొయ్యల వినియోగం పెంచాలన్న వాదనకు బలమైన ఆధారం ఈ చేపల లారీలే.

4. మెట్ట: చెట్టుకు ముప్పై ఏళ్ళు, సుంకానికి ముప్పై వారాలు

శాలంకాయనుల రాజధానిగా చరిత్రకారులు గుర్తించే వేంగి, నేటి పెదవేగి, ఇవాళ భారత ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థకు నెలవు. 1995లో జాతీయ పరిశోధన కేంద్రంగా మొదలైన ఈ సంస్థ ఈ ప్రాంతంలో ఆయిల్‌పామ్ వేళ్ళూనుకున్నదనడానికి సాక్ష్యం. రాష్ట్రంలో 1993 నాటి ఆయిల్‌పామ్ చట్టం ప్రకారం ఒక్కో ప్రాంతాన్ని ఒక్కో ఫ్యాక్టరీకి కేటాయిస్తారు. రైతు గెలలను తన ఇష్టమైన చోట అమ్ముకోలేడు. పైగా కోసిన గెలను వెంటనే మిల్లుకు చేర్చకపోతే నూనె నాణ్యత చెడుతుంది కనుక నిల్వ చేసుకొనే వీలూ లేదు.

టన్ను గెలల ధరను ముడి పామాయిల్ ధర, గెల నుంచి వచ్చే నూనె శాతం ఆధారంగా నెలనెలా నిర్ణయిస్తారు. నూనె శాతం విషయంలో తెలంగాణలో అమలయ్యే లెక్కనే ఇక్కడా వర్తింపజేయాలన్నది రైతుల చిరకాల కోరిక. ముడి పామాయిల్ ధర మాత్రం రెండు ప్రభుత్వాల చేతిలోనూ లేదు. దేశానికి కావలసిన వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. ఇండోనేషియా, మలేషియాల నుంచి రేవుకు చేరిన నూనె ధర, దానిపై కేంద్రం వేసిన సుంకం, ఈ రెండూ కలిసి చింతలపూడి గెల ధరను నిర్ణయిస్తాయి.

ఈ సుంకం నడిచిన దారి గమనించదగినది. ముడి పామాయిల్‌పై 2018 మార్చిలో 44 శాతం. 2022 ఫిబ్రవరి నాటికి అన్నీ కలిపి 5.5 శాతం. 2024 సెప్టెంబరులో 27.5 శాతం. 2025 మే చివర 16.5 శాతం. నగరవాసికి వంటనూనె ప్రియమైనప్పుడు తగ్గించడం, నూనెగింజల రైతు గగ్గోలు పెట్టినప్పుడు పెంచడం, ఇదే వరుస. మొక్క నాటిన నాలుగో ఏటి నుంచి దిగుబడి మొదలై పాతికేళ్ళకు పైగా నిలిచే చెట్టుకు ఇలాంటి ధరల వాతావరణం ఏమాత్రం సరిపోదు. రొయ్యల రైతు ఒక పంట విరామం ప్రకటించుకోగలడు. ఆయిల్‌పామ్ రైతుకు విరామం అంటే చెట్టు నరకడమే.

దౌత్యం ఇక్కడా తొంగిచూసింది. కాశ్మీరు విషయంలో మలేషియా ప్రధాని వ్యాఖ్యల తరువాత 2020 జనవరిలో భారత్ శుద్ధి చేసిన పామాయిల్ దిగుమతిని ఆంక్షల జాబితాలో చేర్చింది. ఆ చర్యను ప్రతిస్పందనగానే లోకం చూసింది. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులను సుమారు మూడు వారాలపాటు నిషేధించింది. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో టన్ను గెలల ధర 20,000 రూపాయలు దాటింది, తరువాత మళ్ళీ దిగివచ్చింది. జకార్తాలో వంటనూనె కొరత ఏలూరు మెట్టకు ఒక మంచి సంవత్సరాన్నిచ్చింది. కోకో రైతుదీ ఇదే అనుభవం: 2024లో పశ్చిమ ఆఫ్రికాలో పంట దెబ్బతిని గింజల ధర ఆకాశాన్నంటగా, 2025లో కంపెనీలు ధర తగ్గించడంతో ఏలూరులో ఆందోళనలు జరిగి, రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 50 రూపాయల సాయం ప్రకటించవలసి వచ్చింది.

2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో ఆమోదించిన జాతీయ ఆయిల్‌పామ్ పథకం ఈ ఒడిదుడుకుల నుంచి రైతును కాపాడటానికి కనీస గిట్టుబాటు ధర భావనను తెచ్చింది. రొయ్యకు అలాంటి జాతీయ రక్షణ లేదు. మెట్ట రైతు తన ఎం.పి. ద్వారా ఢిల్లీని అడగగలడు. పల్లపు రైతు సమస్య మరో దేశపు కార్యనిర్వాహక ఆజ్ఞ. అతని గొంతు అక్కడికి చేరాలంటే భారత వాణిజ్య మంత్రిత్వ శాఖ అనే ఒకే ఒక్క దారి ఉంది.

5. ఒకే బల్ల మీద

ఈ రెండు కథలనూ విడివిడిగా చెప్పడం అలవాటైపోయింది. 2026 ఫిబ్రవరి మొదటి వారంలో భారత, అమెరికా ప్రభుత్వాలు విడుదల చేసిన ఉమ్మడి ప్రకటన వాటిని ఒకే కాగితం మీదికి తెచ్చింది. అందులో అమెరికా భారత సరుకులపై ప్రతీకార సుంకాన్ని 18 శాతానికి తగ్గించడానికి ఒప్పుకొంది. భారత్ తన వంతుగా సుంకం తగ్గించే లేదా తొలగించే అమెరికా వ్యవసాయ ఉత్పత్తుల జాబితాలో సోయా నూనె ఉంది.

సోయా నూనె ఏలూరులో పండదు. కానీ వంటనూనెల మార్కెట్‌లో పామ్, సోయా, పొద్దుతిరుగుడు ఒకదాని ధర మరొకదానిని లాగుతాయి. 2024 సెప్టెంబరు పెంపు, 2025 మే తగ్గింపు మూడు ముడి నూనెలకూ ఒకేసారి వర్తించింది అందుకే. సోయా నూనె చౌకగా దిగితే పామాయిల్ ధరపై ఒత్తిడి పడుతుంది, గెల ధర తగ్గే వీలుంటుంది. దిగే పరిమాణాన్ని బట్టి ఈ ప్రభావం స్వల్పంగా ఉండవచ్చు, గణనీయంగానూ ఉండవచ్చు. దాని దిశ గురించి మాత్రం సందేహం లేదు. కొల్లేటి చెరువుకు దక్కిన ఊరటలో ఒక భాగాన్ని పెదవేగి తోట చెల్లించే ఏర్పాటు ఇది. జాతీయ గణాంకాలలో ఈ రెండూ కూడి లాభంగా తేలవచ్చు. జిల్లాలో మాత్రం లాభపడేవారు, నష్టపోయేవారు వేర్వేరు రైతులు.

అదే నెల 20న అమెరికా సర్వోన్నత న్యాయస్థానం, అత్యవసర అధికారాల చట్టం అధ్యక్షుడికి సుంకాలు విధించే అధికారం ఇవ్వదని తీర్పు చెప్పింది. మూడు వారాలు తిరగకముందే 18 శాతానికి ఉన్న పునాది మారింది. క్లుప్తశుల్కం అన్న మోటుపల్లి మాటకు ఇంతకంటే స్పష్టమైన వ్యతిరేకార్థం చూపడం కష్టం.

6. సుంకం కాని సుంకాలు

2025 జూలై 24న సంతకాలైన భారత–బ్రిటన్ ఒప్పందం రొయ్యలపై సుంకాన్ని తొలగించడానికి వీలు కల్పించింది. ఇలాంటి ఒప్పందాలు అవసరమే. అయితే సుంకం పోయిన చోట పరీక్షలు మిగులుతాయి. ఐరోపా సంఘం 2016 నుంచి భారత చెరువుల రొయ్యల సరుకులో యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. పరీక్ష కోసం రేవులో ఆగిన ప్రతి కంటైనరుకూ అదనపు ఖర్చు, అది కూడా సుంకం వంటిదే. 2016 చివర క్వీన్స్‌లాండ్ రొయ్యల చెరువుల్లో తెల్లమచ్చ బయటపడటంతో ఆస్ట్రేలియా 2017 జనవరిలో పచ్చి రొయ్యల దిగుమతిని నిలిపివేసింది. కొంతకాలానికి కఠిన నిబంధనలతో తలుపు తెరిచినా భారత రొయ్యకు అనుమతి లభించిందన్న ప్రకటన రాష్ట్ర మంత్రి ఆస్ట్రేలియా పర్యటన సందర్భంగా 2025 అక్టోబరులో గాని వెలువడలేదు.

ఈ అడ్డంకులలో మన చేతిలో ఉన్న భాగం ఎక్కువ. అవశేషాలు లేకుండా పెంచడం, పట్టుబడికి ముందే పరీక్ష చేయించడం, ఏ చెరువు సరుకో గుర్తించగలిగేలా నమోదు చేయడం ఇక్కడే జరగవలసిన పనులు. వీటికి సంబంధించిన పదజాలం తెలుగులో ఇంకా స్థిరపడలేదన్నది భాషావిభాగాలు పట్టించుకోవలసిన విషయం. 'మూలదేశ నిబంధనలు', 'అవశేష పరిమితి', 'జాడ గుర్తింపు' వంటి మాటలకు రైతు, అధికారి, అనువాదకుడు ఒకే రూపం వాడితే తప్ప ఒప్పందంలోని షరతు గట్టు మీద అర్థం కాదు.

చెరువు నమోదు దగ్గరే కొల్లేరు మరొక ఖండాంతర ఒప్పందాన్ని ఎదుర్కొంటుంది. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో కుదిరిన చిత్తడి నేలల ఒడంబడిక కింద 2002లో కొల్లేరు గుర్తింపు పొందింది. అంతకుముందే 1999లో ఐదో కాంటూరు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లు, వన్యప్రాణి అభయారణ్యమైంది. 2005–06లో ఆ పరిధిలోని చెరువు గట్లను ప్రభుత్వం తెంపించింది. ఆటపాక దగ్గర గూడబాతులు గూళ్ళు కట్టే ఆ పరిధిలో చేపల, రొయ్యల చెరువుకు చట్టబద్ధమైన నమోదు లభించదు. నమోదు లేని చెరువు రొయ్యకు జాడ గుర్తింపు లేదు, జాడ లేని రొయ్యకు ఐరోపా రేవులో ప్రవేశం లేదు. కాంటూరు లోపలి రైతుకు బ్రిటన్‌లో తొలగే సుంకం వల్ల ప్రయోజనం అందే దారి లేకపోగా, అతని సరుకు బయటి చెరువుల సరుకులో కలిస్తే ఆ మొత్తం కంటైనరు తిరిగివచ్చే ప్రమాదం ఉంది.